అమరుడి తల్లి అడిగిన లెక్క

2025 మే 7 తెల్లవారుజామున పాకిస్థాన్‌పై జరిపిన దాడులకు భారత ప్రభుత్వం 'ఆపరేషన్ సిందూర్' అనే పేరును ప్రకటించిన కొద్ది గంటల్లోనే, ఆ పేరును ట్రేడ్‌మార్కుగా తమకే ఇవ్వాలంటూ దరఖాస్తులు పడ్డాయి. ముంబైలో ఆ పేరుతో సినిమా టైటిల్ కోసం పోటీపడిన నిర్మాతల సంఖ్య రెండు మూడు రోజుల్లో పదుల్లోకి చేరింది. అదే రోజున నియంత్రణ రేఖకు ఇవతల, పూంఛ్ పట్టణం మీద ఫిరంగి గుండ్లు కురిశాయి. పదిమందికి పైగా పౌరులు చనిపోయారు. వారిలో పిల్లలున్నారు. గురుద్వారా దెబ్బతింది. సరిహద్దు గ్రామాల్లో ఎంతో కొంత ఉన్న బంకర్ల సదుపాయం పట్టణంలో లేకపోవడంతో జనం దొరికిన వాహనమెక్కి ఊరు వదిలారు. సినిమా పేరు కోసం తోపులాట జరుగుతున్నప్పుడు వారింకా శవాలను లెక్కపెట్టుకుంటూనే ఉన్నారు.

యుద్ధాన్ని నడిపినవారి కథకు మార్కెట్ వెంటనే దొరుకుతుంది. యుద్ధాన్ని భరించినవారి కథ పుస్తకం కావడానికి ఏళ్ళు పడుతుంది, ఒక్కోసారి దశాబ్దాలు. ఆష్విట్జ్ నుంచి బతికి వచ్చిన ప్రైమో లెవీ తన అనుభవాలను రాసి ఇటలీలో పేరున్న ప్రచురణ సంస్థకు పంపితే తిప్పికొట్టారు. 1947లో ఒక చిన్న సంస్థ 2,500 ప్రతులు వేసింది. పెద్ద సంస్థ దాన్ని చేపట్టింది 1958లో. నేడు 'స్ఫూర్తినిచ్చే యుద్ధకాలపు పుస్తకాలు' అన్న జాబితా ఎక్కడ కనిపించినా అందులో లెవీ ఉంటాడు, ఆన్ ఫ్రాంక్ ఉంటుంది, విక్టర్ ఫ్రాంకల్ ఉంటాడు. ఆ జాబితాల మీద అభ్యంతరం ఉండనక్కర్లేదు. అయితే భారతీయ పాఠకుడికి వాటిలో ఒక సౌకర్యం ఉంది. అక్కడ నేరం చేసినవాడు దూరపువాడు, పరాయివాడు, పైగా ఎప్పుడో ఓడిపోయినవాడు. చదివి కన్నీరు పెట్టుకుంటే సరిపోతుంది. ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు.

ఉపఖండపు యుద్ధాల నుంచి వచ్చిన పుస్తకాలు ఈ సౌకర్యాన్ని ఇవ్వవు. బహుశా అందుకే అవి జాబితాల్లో అరుదుగా కనిపిస్తాయి.

1971నే తీసుకోవచ్చు. తెలుగువారికి ఆ యుద్ధమంటే మొదట గుర్తుకొచ్చేది విశాఖపట్నం. డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ తీరానికి చేరువలో పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. సాగరతీరాన విజయ స్మారకం వెలిసింది. 2017లో 'ఘాజీ' సినిమా వచ్చింది. ఇవన్నీ నిజాలే, గర్వించదగినవే. కానీ ఆ యుద్ధం పదమూడు రోజులది. దాని కింద తొమ్మిది నెలల మరో యుద్ధం ఉంది. దాన్ని ఢాకాలో ఒక ఇంటి లోపలి నుంచి రాసిన పుస్తకం జహనారా ఇమామ్ 'ఏకాత్తురేర్ దిన్‌గులి'. డెబ్బై ఒకటి నాటి రోజులు అని అర్థం. 1971 మార్చి 1న మొదలై డిసెంబరు 17న ముగిసే డైరీ అది. పుస్తకంగా వచ్చింది 1986లో. 'ఆఫ్ బ్లడ్ అండ్ ఫైర్' పేరుతో ఇంగ్లీషులోనూ దొరుకుతుంది.

జహనారా ఇమామ్ ముర్షిదాబాద్‌లో పుట్టి ఢాకాలో స్థిరపడిన విద్యావంతురాలు. బాలికల పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేసింది, కారు తానే నడుపుకునేది. భర్త షరీఫ్ సివిల్ ఇంజినీరు. పెద్ద కొడుకు రూమీకి ఇరవయ్యేళ్ళు. అమెరికాలో ఇంజినీరింగ్ చదువుకు సీటు వచ్చింది, ఆ ఏడాదే వెళ్ళాలి. మార్చి 25 రాత్రి పాకిస్థాన్ సైన్యం ఢాకా విశ్వవిద్యాలయం మీద, పోలీసు లైన్ల మీద, బస్తీల మీద విరుచుకుపడిన తర్వాత రూమీ చదువు వద్దన్నాడు, యుద్ధానికి వెళ్తానన్నాడు. చెప్పకుండా పారిపోయిన కుర్రాళ్ళు ఆ రోజుల్లో చాలామంది. రూమీ అలా వెళ్ళలేదు. తల్లి అనుమతి కావాలని పట్టుబట్టి కూర్చున్నాడు. ఆమె రోజుల తరబడి వాదించింది, చివరికి ఓడిపోయింది. ఏప్రిల్ నెల నమోదుల్లో ఈ వాదనంతా ఉంది. దేశభక్తి ఉపన్యాసాలు రాసేవారు అనుమతి ఇచ్చిన ఆ ఒక్క క్షణాన్ని తీసుకుంటారు. పుస్తకంలో బరువైనది దానికి ముందున్న వారాల బేరం. కొడుకును ఆపడానికి ఒక చదువుకున్న తల్లి తన తర్కాన్నంతా వాడి చూడటం, ఆ తర్కం పెంపకంలో తానే నేర్పిన విలువల ముందే వీగిపోవడం.

రూమీ సరిహద్దు దాటి త్రిపురలోని మేలాఘర్ శిబిరంలో శిక్షణ పొందాడు. రెండో సెక్టారు కమాండర్ ఖాలిద్ ముషారఫ్ తయారుచేసిన పట్టణ గెరిల్లా దళంలో చేరి ఢాకాకు తిరిగి వచ్చాడు. ఇంట్లో వంట పెరిగింది. ఎవరు వస్తారో, ఎందరు వస్తారో, ఎప్పుడు తిని వెళ్తారో తెలియదు. మందులు, బట్టలు, డబ్బు సేకరించి శిబిరాలకు పంపే పని ఆ ఇంటిమీద పడింది. సైన్యం కదలికలను అడ్డుకోవడానికి వంతెనలు, కల్వర్టుల వివరాలు కావాలని సరిహద్దు అవతలి నుంచి కబురు వచ్చింది. షరీఫ్ తన వృత్తి పరిచయాలను వాడి ఆ సమాచారమంతా రాబట్టాడు. ఎక్కడ పేలుడు పదార్థం పెడితే వంతెన పనికిరాకుండా పోతుందో గుర్తించాడు. దాంతో పాటు, దేశం స్వతంత్రమైన తర్వాత సులువుగా బాగుచేసుకోగలిగేలా ఎక్కడ కొట్టాలో కూడా గుర్తించాడు. యుద్ధ సాహిత్యంలో ధైర్యానికి ఉదాహరణలుగా చెప్పే ఘట్టాలు ఎన్నో ఉంటాయి. జీవితమంతా వంతెనలు కట్టిన మనిషి వాటిని కూల్చే పటం గీస్తూ మరమ్మతు గురించి ఆలోచించిన ఈ ఘట్టం వాటిలో దేనికీ తీసిపోదు.

ఆగస్టు 29 రాత్రి సైనికులు ఇంటికి వచ్చారు. రూమీని, అతని తమ్ముడిని, తండ్రిని, ఇంట్లో ఉన్న మరికొందరు మగవాళ్ళను పట్టుకుపోయారు. రెండు రోజుల తర్వాత చిత్రహింసల గుర్తులతో మిగిలినవారు తిరిగి వచ్చారు. రూమీ రాలేదు. సెప్టెంబరు మొదటి వారంలో యాహ్యాఖాన్ క్షమాభిక్ష ప్రకటించాడు. అర్జీ పెట్టుకుంటే కొడుకు బయటికి వస్తాడేమోనని శ్రేయోభిలాషులు చెప్పారు. తల్లి మనసు అటే లాగింది. ఏ ప్రభుత్వం మీద కొడుకు ఆయుధం పట్టాడో ఆ ప్రభుత్వాన్నే దయ చూపమని అడగటం వాడిని అవమానించడమే అవుతుందని తండ్రి అన్నాడు. అర్జీ పెట్టలేదు. ఆ నిర్ణయం సరైనదో కాదో పుస్తకం తేల్చదు. డిసెంబరు 13న షరీఫ్‌కు గుండెపోటు వచ్చింది. యుద్ధపు చీకటి నిబంధనల వల్ల ఆసుపత్రిలో కరెంటు లేదు, గుండెను తిరిగి కొట్టుకునేలా చేసే యంత్రం పనిచేయలేదు. మూడు రోజుల తర్వాత పాకిస్థాన్ సైన్యం లొంగిపోయింది.

రూమీ దళంలోని మరో కుర్రాడు ఆజాద్ కూడా ఆ రాత్రే దొరికాడు. తల్లి సఫియా బేగం పోలీసు ఠాణాలో అతన్ని చూసింది. అన్నం తిని రెండు రోజులైందని, అన్నం తెమ్మని అడిగాడు. మర్నాడు ఆమె అన్నం తీసుకెళ్ళేసరికి కొడుకు అక్కడ లేడు, మళ్ళీ ఎన్నడూ కనిపించలేదు. ఆ తర్వాత బతికిన పద్నాలుగేళ్ళూ ఆమె అన్నం ముట్టలేదు. 1985 ఆగస్టు 30న, సరిగ్గా ఆ రోజుల్లోనే, చనిపోయింది. అనీసుల్ హక్ 'మా' నవల ఆమె గురించే.

ఇంతవరకు చదివితే ఇవన్నీ 'స్ఫూర్తిదాయకం' అన్న అర సరిగ్గా పట్టే పుస్తకాలే. కానీ జహనారా ఇమామ్ పుస్తకం అరలో ఊరుకోలేదు.

1975 ఆగస్టులో ముజీబ్ హత్య జరిగాక, ఆ ఏడాది చివరి రోజున, 1971లో పాక్ సైన్యానికి సహకరించినవారిని విచారించే చట్టాన్ని బంగ్లాదేశ్ సైనిక ప్రభుత్వం రద్దు చేసింది. నాటి సహకారుల్లో ప్రముఖుడైన గులాం ఆజం 1978లో పాకిస్థాన్ పాస్‌పోర్టు మీద ఢాకాకు తిరిగి వచ్చాడు. సైన్యానికి తోడుగా ఏర్పడిన రజాకార్ దళాల్లో పనిచేసినవారు పరపతితో తిరుగుతున్నారు. (ఆ రజాకార్లకూ 1948 నాటి హైదరాబాద్ రజాకార్లకూ సంబంధం లేదు. అయినా ఆ మాట విన్నప్పుడు తెలంగాణ పల్లెల్లో పెద్దవారి ముఖాలు ఎలా మారతాయో తెలిసినవారికి, ఢాకాలో ఆ మాట బరువు వేరే చెప్పనక్కర్లేదు.) ఎర్షాద్ సైనిక పాలనలో 1986లో డైరీ అచ్చయింది. ఇంటింటా చదివారు. కొడుకును, భర్తను పోగొట్టుకున్న ఒక తల్లి పేర్లు, తేదీలు, వీధులతో సహా రాసిపెట్టిన పుస్తకాన్ని చదివిన తరం ఒక ప్రశ్న వేసుకుంది. తీసుకుపోయినవారు ఎవరు, దారి చూపినవారు ఎవరు, వారిప్పుడు ఎక్కడున్నారు?

1991 డిసెంబరు చివర గులాం ఆజం జమాతే ఇస్లామీకి బాహాటంగా అధినేత అయ్యాడు. నెల తిరగకుండానే జహనారా ఇమామ్ అధ్యక్షతన కమిటీ ఏర్పడింది. అప్పటికే ఆమె నోటి క్యాన్సర్‌తో పదేళ్ళుగా పోరాడుతోంది. 1992 మార్చి 26న సుహ్రావర్దీ ఉద్యానంలో లక్షలాది జనం ముందు ప్రజా న్యాయస్థానం జరిపి గులాం ఆజం నేరాలు మరణశిక్షార్హమైనవని ప్రకటించారు. చట్టబద్ధత లేని తీర్పు అది, ఆ సంగతి తీర్పు చెప్పినవారికీ తెలుసు. ఖాలిదా జియా ప్రభుత్వం స్పందన మాత్రం చట్టబద్ధమైనదే: జహనారా ఇమామ్‌తో సహా 24 మంది మీద రాజద్రోహం కేసు. దేశం కోసం కొడుకునిచ్చిన తల్లిగా 'శహీద్ జనని' అని జనం పిలుచుకున్న స్త్రీ, ఆ దేశానికే ద్రోహం చేసిందన్న అభియోగం మోస్తూ 1994 జూన్ 26న అమెరికాలో ఆసుపత్రి మంచం మీద చనిపోయింది.

ఒక రాజ్యానికి అమరుడి తల్లి ఎంతవరకు అవసరమో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదంతం ఈ ప్రాంతంలో దొరకదు. ఆమె దుఃఖిస్తున్నంత కాలం వేదిక మీద కుర్చీ ఉంటుంది. లెక్క అడిగిన రోజున కేసు ఉంటుంది.

తర్వాతి కథ మరీ చిక్కుముడి. 2010లో షేక్ హసీనా ప్రభుత్వం యుద్ధ నేరాల ట్రిబ్యునల్ ఏర్పాటు చేసింది. 2013 ఫిబ్రవరిలో షాహ్‌బాగ్ కూడలిలో జహనారా ఇమామ్ భారీ చిత్రపటం కింద యువతరం రాత్రింబవళ్ళు కూర్చుంది. గులాం ఆజంకు 90 ఏళ్ళ శిక్ష పడింది, 2014లో నిర్బంధంలోనే చనిపోయాడు. కానీ ట్రిబ్యునల్ పనితీరు మీద అంతర్జాతీయ హక్కుల సంస్థలు లేవనెత్తిన అభ్యంతరాలు తేలికైనవి కావు. ప్రైవేటు సంభాషణలు బయటపడి ఒక అధ్యక్ష న్యాయమూర్తి రాజీనామా చేయాల్సి వచ్చింది కూడా. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి జరిగింది. అవామీ లీగ్ 1971ని తన సొంత ఆస్తిగా మార్చుకుంది. ప్రభుత్వాన్ని విమర్శించిన ప్రతివాడూ రజాకారే అయ్యాడు. 2024 జూలైలో ఉద్యోగాల కోటా మీద ఆందోళన చేస్తున్న విద్యార్థులను ఉద్దేశించి హసీనా ఆ మాటే వాడింది. వారు ఆ మాటనే నినాదంగా తిప్పికొట్టారు. ఆగస్టు 5న ఆమె దేశం వదిలింది. ఆ అణచివేతలో 1,400 మంది దాకా చనిపోయి ఉండవచ్చని ఐక్యరాజ్య సమితి నివేదిక అంచనా వేసింది. 2025లో ముజీబ్ ఇల్లు నేలమట్టమైంది, యుద్ధ నేరాల కేసులో మరణశిక్ష పడ్డ జమాత్ నాయకుడొకరిని సుప్రీంకోర్టు నిర్దోషిగా విడుదల చేసింది, నవంబరులో అదే ట్రిబ్యునల్ హసీనాకు ఆమె పరోక్షంలో మరణశిక్ష విధించింది.

ఢిల్లీలో ఈ పరిణామాలను బంగ్లాదేశ్ 1971ని మరచిపోయిందన్న ఫిర్యాదుగా చర్చిస్తున్నారు. ఆ ఫిర్యాదులో సగమే నిజం. రూమీ తల్లి రాసిన జ్ఞాపకాన్ని పదిహేనేళ్ళు పోలీసు లాఠీకి తొడుగుగా వాడితే, లాఠీ విరిగిన రోజున తొడుగుకూ దెబ్బ తగులుతుంది. డైరీలో ఉన్న మాటలు మాత్రం అవే. విశ్వవిద్యాలయం మీదికి సైన్యాన్ని పంపిన ప్రభుత్వం గురించి ఆమె 1971లో రాసింది 2024 జూలైలో ఢాకా విద్యార్థి చదివినా పరాయిగా అనిపించదు.

ఆ పుస్తకానికీ పరిమితులున్నాయి, అవి ఆమెకు తెలియనివి కావు. కారు, టెలిఫోను, పరిచయాలు ఉన్న ఇల్లు అది. వాటిలో ఏదీ లేని స్త్రీలకు 1971లో జరిగినదాన్ని నీలిమా ఇబ్రహీం 'ఆమి బీరాంగనా బోల్చి'లో నమోదు చేసింది. అత్యాచారాలకు గురైన స్త్రీలకు కొత్త ప్రభుత్వం 1971 డిసెంబరులోనే 'బీరాంగన' అనే బిరుదు ఇచ్చింది. వీరవనిత అని అర్థం. ఆచరణలో అది ఇంటి తలుపులు మూసేసే మాట అయింది. 1994, 95లలో రెండు సంపుటాలు వచ్చాయి. మూడోది రాయదలచుకోలేదని నీలిమా ఇబ్రహీం తర్వాతి కూర్పు ముందుమాటలో చెప్పింది. తన ఆరోగ్యం ఒక కారణం, సమాజపు తీరు మరో కారణం: ఈ స్త్రీలను మరోసారి అవమానాల పాలు చేయలేనంది. రాజ్యం వారిని ముక్తియోధులుగా, అంటే పింఛనుకు అర్హులైన స్వాతంత్ర్య సమరయోధులుగా, గుర్తించడం మొదలుపెట్టింది 2015లో. నలభై నాలుగేళ్ళ తర్వాత. ఇక ఓడిన పక్షానివారని ముద్ర పడ్డ ఉర్దూ మాట్లాడే బిహారీ స్త్రీల మీద జరిగినవాటిని వినడానికి 2011లో యాస్మిన్ సైకియా పుస్తకం వచ్చేదాకా చాలామంది చెవి ఒగ్గలేదు. విముక్తి పొందినవారి చేతులకూ రక్తం అంటిందన్న మాట ఢాకాలో నేటికీ సులువుగా మింగుడుపడదు.

తెలుగులో ఇలాంటి పని ఒకటి జరిగింది, అదీ జహనారా ఇమామ్ డైరీ వచ్చిన 1986లోనే. స్త్రీశక్తి సంఘటన ప్రచురించిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల నోటిమాట. నిజాం మీద, రజాకార్ల మీద, తర్వాత భారత సైన్యం మీద పోరాడి బతికినవారు వారు. ఆ పుస్తకం శత్రువుతో ఆగలేదు. 1951లో పోరాటం విరమించాక ఇళ్ళకు పొమ్మన్న సొంత పార్టీని కూడా ఆ స్త్రీలు నిలదీశారు. దాని గౌరవమంతా అక్కడే ఉంది. పోరాట వార్షికోత్సవాల్లో వారి ఫొటోలు పెట్టే పార్టీలేవీ, కమ్యూనిస్టులు గానీ, కొత్తగా సెప్టెంబరు 17ను పండుగ చేసుకుంటున్నవారు గానీ, ఆ పుస్తకంలోని ఆ భాగాలను వేదికల మీద చదవరు.

మరి నేరం చేసినవారి యూనిఫాం భారతదేశానిదైతే?

శ్రీలంకలో 'ది బ్రోకెన్ పామైరా' అన్న పుస్తకం ఉంది. విరిగిన తాటిచెట్టు అని అర్థం. యాఫ్నా ద్వీపకల్పానికి తాటిచెట్టే గుర్తు. యాఫ్నా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న నలుగురు, రాజన్ హూల్, దయా సోమసుందరం, కె. శ్రీధరన్, రజనీ తిరణగమ కలిసి రాశారు. రజని శరీర నిర్మాణ శాస్త్ర విభాగానికి అధిపతి. ఇంగ్లండ్‌లో ఉండగా పులుల ఉద్యమాన్ని సమర్థించింది. 1986లో సురక్షితమైన బతుకు వదులుకుని యాఫ్నాకు తిరిగి వచ్చాక తన కళ్ళతో చూసినదాన్ని బట్టి అభిప్రాయం మార్చుకుంది. ఇద్దరు చిన్న కూతుళ్ళున్న ఈ డాక్టరు సైకిలెక్కి ఊరూరా తిరిగి 1987 అక్టోబరులో స్త్రీలు ఏం అనుభవించారో అడిగి రాసుకుంది.

1987 అక్టోబరు అంటే భారత శాంతి పరిరక్షక దళం యాఫ్నాను పులుల చేతిలోంచి తీసుకోవడానికి 'ఆపరేషన్ పవన్' మొదలుపెట్టిన నెల. ఆ నెల 21న, దీపావళి రోజున, భారత సైనికులు యాఫ్నా ఆసుపత్రిలోకి ప్రవేశించారు. డాక్టర్లు, నర్సులు, రోగులు కలిపి అరవై డెబ్బై మంది చనిపోయారు. ఎదురుకాల్పుల్లో చిక్కుకున్నారని భారత పక్షం చెప్పింది. శవాల మధ్య చచ్చినట్టు పడి ఉండి మర్నాటిదాకా ప్రాణాలు నిలుపుకున్న ఆసుపత్రి సిబ్బంది వేరే చెప్పారు. 'బ్రోకెన్ పామైరా' ఆ సాక్ష్యాలను నమోదు చేసింది. ఆసుపత్రిని ఆసరా చేసుకుని కాల్పులు జరిపి తప్పుకున్న పులులనూ వదల్లేదు. సింహళ ప్రభుత్వాన్ని, భారత సైన్యాన్ని, పులులను, తమిళ సమాజపు మౌనాన్ని ఒకే కొలతతో కొలిచిన పుస్తకానికి మిత్రులెవరూ మిగలరు. 1989 సెప్టెంబరు 21న విశ్వవిద్యాలయం నుంచి సైకిలు మీద ఇంటికి వెళ్తున్న రజనిని కాల్చి చంపారు. ఆమెకు ముప్ఫై అయిదేళ్ళు. పులుల పనేనని సహచరులు, కుటుంబం నమ్మారు. మర్నాటి ఏడాది పుస్తకం అచ్చయింది. మిగిలిన సహ రచయితలు ప్రాణభయంతో ఏళ్ళ తరబడి అజ్ఞాతంలోనూ తరలిపోతూనూ ఆ నమోదు పనిని కొనసాగించారు.

ఆ జోక్యంలో భారతదేశం కోల్పోయిన సైనికులు దాదాపు 1,200 మంది. ఎవరికోసం, ఎందుకు చనిపోయారో వారి కుటుంబాలకు సరిగ్గా చెప్పినవారు లేరు. ఆ సైనికుల ధైర్యాన్ని తక్కువ చేయాల్సిన పని ఎవరికీ లేదు. ఆసుపత్రిలో చనిపోయినవారిని చెరిపేస్తేనే ఆ ధైర్యం నిలుస్తుందనుకోవడం మాత్రం సైనికులకే అవమానం. ఢాకా సంగతి వచ్చినప్పుడు పాకిస్థాన్ ఇంతవరకు క్షమాపణ చెప్పలేదని ఏటా డిసెంబరు 16న గుర్తుచేసే వక్తలు, యాఫ్నా ఆసుపత్రి ప్రస్తావన వస్తే విషయం మార్చేస్తారు. ఇందులో కాంగ్రెస్, భాజపా తేడా లేదు.

సొంత గడ్డ మీద జరిగినదీ ఒకటుంది. 1962 నవంబరులో, చైనాతో యుద్ధం ముగింపుకొస్తున్న రోజుల్లో, అస్సాం, డార్జిలింగ్, షిల్లాంగ్ ప్రాంతాల్లో తరాలుగా బతుకుతున్న చైనా మూలాల కుటుంబాలను పోలీసులు ఇళ్ళ నుంచి ఎత్తుకుపోయారు. సుమారు మూడు వేల మంది. కట్టుబట్టలతో రైలెక్కించి రాజస్థాన్‌లోని దేవలీ శిబిరానికి తరలించారు. భారత రక్షణ చట్టం కింద విచారణ లేదు, అభియోగం లేదు. కొందరు 1967 దాకా అక్కడే ఉన్నారు. ఆ లోపు వారి దుకాణాలు, ఇళ్ళు వేలానికి పోయాయి. చాలామందిని మద్రాసు రేవు నుంచి ఓడల్లో, వారెన్నడూ చూడని చైనాకు పంపేశారు. ఈ దేవలీలోనే 1941లో జయప్రకాశ్ నారాయణ్‌ను, కమ్యూనిస్టు నాయకులను బ్రిటిష్ ప్రభుత్వం నిర్బంధించింది. ఇరవయ్యేళ్ళు తిరిగాక అదే కంచె లోపలికి స్వతంత్ర భారతదేశం బడిపిల్లలను పంపింది. డార్జిలింగ్‌లో చదువుకుంటూ పదమూడేళ్ళ వయసులో దేవలీ చేరిన యిన్ మార్ష్, దాని గురించి 'డూయింగ్ టైమ్ విత్ నెహ్రూ' అన్న పుస్తకం రాసింది. ఆ శిబిరంలోనే పుట్టిన జాయ్ మా, దిలీప్ డిసూజాతో కలిసి 2020లో 'ది దేవలీవాలాస్' తెచ్చింది. అస్సామీలో రీటా చౌదరి 'మాకాం' నవల వారి కథే.

నెహ్రూను రోజూ తిట్టే పక్షం కూడా దేవలీ ఊసెత్తదు. ఇది కాస్త విచిత్రంగా కనిపిస్తుంది గానీ కాదు. 1962 వైఫల్యాలకు నెహ్రూను నిందించడానికి బ్రిగేడియర్ జాన్ దల్వీ 'హిమాలయన్ బ్లండర్' చాలు. ఓడి, చైనా చేతికి చిక్కి, ఏడు నెలలు బందీగా ఉండి వచ్చిన సేనాని నిజాయితీగా రాసిన పుస్తకమది, అందులో నిందకు కావలసినంత సామగ్రి ఉంది. దేవలీ గురించి మాట్లాడాలంటే మాత్రం, ముఖం చూసి పౌరుడిని అనుమానించే అధికారం ప్రభుత్వానికి ఉండాలా అన్న చర్చలోకి దిగాలి. ఆ అధికారం ఏ పక్షానికీ చేదు కాదు. 1963లో సమర్పించిన హెండర్సన్ బ్రూక్స్ నివేదికను ప్రతిపక్షంలో ఉండగా బయటపెట్టమన్నవారు అధికారంలోకి వచ్చాక రహస్యమన్నారు. 1948 పోలీసు చర్య తర్వాత హైదరాబాద్ రాష్ట్రంలో జరిగిన హత్యాకాండ మీద సుందర్‌లాల్ కమిటీ నివేదిక దశాబ్దాల పాటు బీరువాలో ఉండిపోయింది. ప్రభుత్వాలు రాయించుకున్న నివేదికలు ఇలా నిద్రపోతున్న చోట, బతికి బయటపడినవారు సొంత ఖర్చుతో, సొంత జ్ఞాపకంతో రాసుకున్న పుస్తకాలే రికార్డు.

అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మూలాల పౌరులను శిబిరాల్లో పెట్టింది. 1988లో చట్టం చేసి క్షమాపణ చెప్పింది, బతికున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇచ్చింది. దేవలీ నుంచి బయటపడినవారిలో చాలామంది కెనడా చేరారు. టొరంటో పరిసరాల్లో స్థిరపడి, ఒక సంఘంగా ఏర్పడ్డారు. డబ్బు వారి మొదటి కోరిక కాదు. జరిగింది తప్పని భారత ప్రభుత్వం ఒప్పుకోవాలి, దేవలీలో ఒక గుర్తు నిలపాలి. ఈ మాట చెప్పడానికి వృద్ధులైన ఆ మాజీ బందీలు బస్సులో ఒట్టావా వెళ్ళి భారత హైకమిషన్ ముందు నిలబడ్డారు. వారిలో కొందరు హిందీలో పాటలు పాడుకుంటారు, దీపావళి జరుపుకుంటారు, పుట్టిన ఊరు పేరు అడిగితే మాకుం అనో షిల్లాంగ్ అనో చెబుతారు. క్షమాపణ ఇంకా రాలేదు. శిబిరంలో పుట్టినవారికే ఇప్పుడు అరవై దాటింది.